స్కూల్ బోర్డు ఎన్నికకు ఇంట్లోనే యార్డ్ సైన్లు చేసుకోవాలంటే

మీ ప్రశ్న సారాంశం ఇది. డాలస్ ఉత్తర శివార్లలో ఉండే మీ కుటుంబ స్నేహితురాలు మే నెల ఎన్నికలో స్కూల్ బోర్డుకు నిలబడుతున్నారు. చేతిలో డబ్బు తక్కువ. నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక శనివారం మీ గరాజులో కూర్చుని అరవై యార్డ్ సైన్లు, అంటే ఇళ్ల ముందు నేలలో పాతే ప్రచార బోర్డులు, చేత్తో చేద్దామనుకుంటున్నారు. ఏం కొనాలి, ఏ పెయింట్ వేయాలి, ఏం రాయాలి, హెచ్‌ఓఏ అనే ఇంటి యజమానుల సంఘం వాళ్లు ఒప్పుకుంటారా అని అడిగారు.

చేయండి. కాకపోతే అరవై వద్దు, ముప్పై చేయండి. ఈ ప్రాంతంలో సిటీ కౌన్సిల్‌కీ, స్కూల్ బోర్డుకీ పోటీ చేసిన మనవాళ్లకు చాలా ఏళ్లుగా బోర్డుల పని చూసిపెడుతున్నాను. దేశంలో ఉన్నప్పుడు మా బాబాయి బోర్డు ఆర్టిస్టు. షాపుల బోర్డులు, ఎన్నికలప్పుడు గోడ రాతలు ఆయన పని. సుద్దతాడు పట్టుకోవడం నుంచి అక్షరం కొలవడం దాకా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: చేత్తో చేసిన బోర్డు పనిచేసేది అందంగా ఉన్నందుకు కాదు, చవకగా వచ్చినందుకూ కాదు. సంఖ్య పెరిగేకొద్దీ ప్రింట్ చేయించడమే చవక. ఆ వీధిలో అందరికీ తెలిసిన మనిషి తన ఇంటి ముందు తన చేత్తో చేసిన బోర్డు పెట్టుకుంటే, ‘వీళ్లు ఈమెను నిజంగా నమ్ముతున్నారు’ అని పక్కింటివాళ్లకు అర్థమవుతుంది. బలమంతా అక్కడే. అందుకే ముప్పై బోర్డులు శ్రద్ధగా చేసి, సరైన ముప్పై ఇళ్ల ముందు పెట్టండి. అరవై చేయాలని కూర్చుంటే మధ్యాహ్నానికి చేతులు అలసిపోతాయి, సాయంత్రం రాసిన అక్షరాలు ఎవరూ చదవలేరు.

యార్డ్ సైన్ల వల్ల లాభం ఎంత అని కొందరు పెదవి విరుస్తారు. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ డోనాల్డ్ గ్రీన్, మరికొందరు కలిసి నాలుగు ఎన్నికల్లో ప్రయోగం చేసి 2016లో ఫలితాలు ప్రచురించారు. కొన్ని చోట్ల బోర్డులు పెట్టి, కొన్ని చోట్ల పెట్టకుండా ఓట్లు పోల్చి చూస్తే తేడా సగటున 1.7 శాతం పాయింట్లు వచ్చింది. ప్రెసిడెంట్ ఎన్నికలో అది కొట్టుకుపోవచ్చు. కానీ మే నెల లోకల్ ఎన్నికలో ఓటు వేసేవాళ్లే కొద్దిమంది, అభ్యర్థుల పేర్లు చాలామందికి తెలియవు, బ్యాలెట్ మీద పార్టీ పేరు కూడా ఉండదు. అలాంటి చోట ఒక పేరు నాలుగుసార్లు కళ్లబడి ఉండటం చిన్న విషయం కాదు.

పెయింట్ సంగతికి ముందు అంతకంటే ముఖ్యమైన మాట ఒకటి. మీ గరాజులో కూర్చునేవాళ్లలో హెచ్-1బీ మీదో, ఎఫ్-1 మీదో, హెచ్-4 వీసా మీదో ఉన్నవాళ్లు తప్పకుండా ఉంటారు. సిటిజన్‌షిప్, గ్రీన్ కార్డ్ రెండూ లేనివాళ్లు అమెరికాలో ఏ ఎన్నికకూ డబ్బు గానీ వస్తువు గానీ ఇవ్వకూడదు. అది ఫెడరల్ చట్టం, స్కూల్ బోర్డు ఎన్నికకు కూడా వర్తిస్తుంది. జీతం తీసుకోకుండా వాలంటీరుగా పని చేయొచ్చు, అంతే. అంటే కుంచె పట్టుకోవచ్చు, పెయింట్ డబ్బా కొనకూడదు. ‘ఇరవై డాలర్లేగా, నేను తెచ్చేస్తాలే’ అని ఎవరో ఒకరు హోమ్ డిపో నుంచి షీట్ పట్టుకొచ్చేస్తారు. మనవాళ్ల అలవాటే అది, మంచి మనసుతోనే చేస్తారు, కానీ ఇక్కడ వద్దు. వర్క్ వీసా మీద ఉన్న ఒక కెనడా లాయరు తన సొంత డబ్బుతో కరపత్రాలు అచ్చు వేసుకుని పంచుతానని కోర్టుకు వెళ్లాడు. బ్లూమన్ కేసు అంటారు. కింది కోర్టు కుదరదంది, 2012లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. కాబట్టి సామాను మొత్తం క్యాంపెయిన్ డబ్బుతో, క్యాంపెయిన్ ట్రెజరర్ పేరు మీదే కొనండి. టెక్సస్‌లో ట్రెజరర్‌ను నియమిస్తూ ఫారం దాఖలు చేశాకే అభ్యర్థి విరాళం తీసుకోవాలి, ఖర్చు పెట్టాలి. ఆ ఫారం ఇచ్చారో లేదో మీ స్నేహితురాలిని ఇవాళే అడగండి. సిటిజన్లు ఎవరైనా షీట్లు ఉచితంగా ఇస్తే అదీ విరాళమే, లెక్కలో చూపించాలి.

ఇక మెటీరియల్. కోరోప్లాస్ట్ కొనండి. అట్టపెట్టె అట్టలా లోపల గొట్టాలుండే ప్లాస్టిక్ షీటు అది. నాలుగు మిల్లీమీటర్ల మందం చాలు. పెద్ద షీటు నాలుగడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు ఉంటుంది. మామూలు యార్డ్ సైన్ కొలత 24 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు. పొడవు వైపు 18 చొప్పున ఐదు, వెడల్పు వైపు 24 చొప్పున రెండు కోస్తే ఒక షీటులో పది బోర్డులు వస్తాయి. ముప్పైకి మూడు షీట్లు. ఇంకొకటి అదనంగా తెచ్చుకోండి, పెయింట్ పరీక్షకూ, పాడైన వాటికీ పనికొస్తుంది.

కోసే ముందు గొట్టాలు ఎటు పోతున్నాయో చూడండి. బోర్డును నేలలో నిలబెట్టే హెచ్ ఆకారపు ఇనుప తీగ ఫ్రేము పైకాళ్లు ఈ గొట్టాల్లోకే దూరాలి. బోర్డు నిలబెట్టినప్పుడు గొట్టాలు నిలువుగా ఉంటేనే అది కుదురుతుంది. సాధారణంగా షీటు పొడవు వెంబడే గొట్టాలు ఉంటాయి కాబట్టి నేను చెప్పిన లెక్కలో కోస్తే సరిపోతుంది. కానీ షాపులో షీటు అంచు చూసి ఖాయం చేసుకోండి. గొట్టాలు అడ్డంగా పడితే తీగ దూరదు, బోర్డుకు చిల్లులు పెట్టి జిప్ టైలతో కట్టుకోవాల్సి వస్తుంది. గాలికి అది నిలవదు. కోయడానికి కొత్త బ్లేడు వేసిన బాక్స్ కట్టర్, ఇనుప స్కేలు కావాలి. ఒకేసారి గట్టిగా నొక్కి కోయకండి. మొదటిసారి పై పొర, రెండోసారి కింది పొర తెగేలా లాగండి, అంచు శుభ్రంగా వస్తుంది.

అంతకంటే చవక మార్గం ఒకటుంది. గత ఏడాది పోటీ చేసినవాళ్ల గరాజుల్లో పాత బోర్డులు కట్టలు కట్టలుగా పడి ఉంటాయి. అడిగితే సంతోషంగా ఇస్తారు, ఇనుప ఫ్రేములతో సహా. అవి కూడా విరాళం లెక్కలోకే వస్తాయని మాత్రం గుర్తుంచుకోండి. పాత పేరు మీద తెల్ల ప్రైమర్ వేసి వాడుకోవచ్చు. ముదురు రంగు బోర్డులైతే రెండు మూడు పూతలు పడతాయి, ఆ శ్రమ చూసుకోండి.

ప్లైవుడ్ మీద చేద్దామని కూడా కొందరంటారు. మూలమీద ఇల్లున్న స్నేహితుల కోసం ఒకటో రెండో పెద్ద బోర్డులైతే బాగుంటుంది. అప్పుడు ముఖానికి వేసినట్టే నాలుగు అంచులకూ ప్రైమర్ బాగా పట్టించండి. నీళ్లు దూరేది అంచులోంచే, రెండు వానలకు పొరలు ఉబ్బి విడిపోతాయి.

పెయింటుకు వద్దాం. చేత్తో చేసిన బోర్డులు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే. కోరోప్లాస్ట్ అంటే పాలీప్రొపిలీన్. ఆ ప్లాస్టిక్ స్వభావమే ఏదీ అంటనివ్వదు. పిల్లల క్రాఫ్ట్ పెయింట్, గోడలకు వేసే లేటెక్స్ పెయింట్ వేస్తే ఆ రోజు బ్రహ్మాండంగా కనిపిస్తాయి. వారం తర్వాత గోరు తగిలితే చాలు, పొరలు పొరలుగా లేచిపోతాయి. మొదట రబ్బింగ్ ఆల్కహాల్‌తో రెండువైపులా తుడవండి, ఫ్యాక్టరీ జిడ్డు పోతుంది. తర్వాత సన్న గరుకు కాగితంతో అక్షరాలు పడే మేర తేలిగ్గా రుద్దండి, మెరుపు తగ్గితే చాలు. మళ్లీ ఒకసారి తుడవండి. పెయింట్ మాత్రం డబ్బా మీద ప్లాస్టిక్‌కు పనికొస్తుందని రాసి ఉన్న స్ప్రే పెయింటే తీసుకోండి. ఇంకా గట్టిగా ఉండాలంటే ముందు అడ్హీషన్ ప్రమోటర్ అనే పారదర్శకపు పూత ఒకటి వేసి, దాని మీద పెయింట్ వేయండి.

వేసిన పెయింట్ అంటుకుందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. శనివారం పనికి కనీసం మూడు రోజుల ముందు వేస్టు ముక్క ఒకటి తీసుకుని ఇలాగే తుడిచి, రుద్ది, పెయింట్ వేయండి. ఒక రోజు ఆరనివ్వండి. పెయింటు మీద బ్లేడుతో సన్నగా అడ్డం నిలువు గీతలు గీయండి, చదరంగపు గళ్లలా. ఆ గళ్ల మీద మాస్కింగ్ టేపు గట్టిగా అంటించి, బొటనవేలితో బాగా రాసి, ఒక్క ఊపున లాగండి. టేపుకు ఒకటి రెండు చిన్న పొక్కులు వస్తే పర్వాలేదు. గళ్లకు గళ్లే ఊడి వస్తే ఆ పెయింట్ ఆ షీటుకు పనికిరాదు, వేరేది కొనండి. ఈ పరీక్ష చేయకుండా ముప్పై బోర్డులూ మొదలుపెట్టకండి.

స్ప్రే చేయడం గరాజు లోపల వద్దు, డ్రైవ్‌వేలో చేయండి. ఇక్కడ చాలా ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటరు గరాజులోనే ఉంటుంది, ఆ స్ప్రే ఆవిరి నిప్పు అంటుకునే రకం. మాస్కు పెట్టుకోండి. పిల్లలను తుడవడానికీ, పెన్సిల్ గీతలు గీయడానికీ పెట్టుకోండి, స్ప్రే దగ్గరికి మాత్రం రానివ్వకండి.

ఇప్పుడు అక్షరాలు. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే, మీరు ఎక్కువ సమయం పెట్టాల్సిందీ దీనిమీదే.

గంటకు 30 మైళ్ల వేగంతో పోయే కారు ఒక సెకనులో 44 అడుగులు దాటేస్తుంది. ఒక అంగుళం ఎత్తు అక్షరం పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవొచ్చని బోర్డు పనివాళ్ల లెక్క. కష్టపడితే ఇంకా దూరం నుంచి కూడా కనిపిస్తుంది, కానీ డ్రైవ్ చేసే మనిషి కష్టపడడు. అంటే ఐదు అంగుళాల అక్షరాన్ని యాభై అడుగుల నుంచి తేలిగ్గా చదువుతారు, అప్పటికి వాళ్ల చేతిలో ఉన్నది ఒక సెకనే. ఆ ఒక్క సెకనులో ఒక్క పేరు బుర్రకు ఎక్కుతుంది, రెండో ముక్క ఎక్కదు. అందుకే నినాదం వద్దు, ఫొటో వద్దు, వెబ్‌సైట్ వద్దు, పుస్తకం బొమ్మ, గ్రాడ్యుయేషన్ టోపీ బొమ్మ అసలే వద్దు. పేరు, పదవి, ప్లేస్ నంబరు, అంటే బోర్డులో ఏ సీటుకు పోటీయో చెప్పే నంబరు, ఉంటే అది. ఇంకా చోటు మిగిలితే ఎన్నిక తేదీ చిన్నగా. ఈ తేదీ విషయంలో నేను మెత్తబడతాను, ఎందుకంటే మే మొదటి శనివారం ఎన్నిక ఉందన్న సంగతే చాలామందికి తెలియదు.

మన పేర్లతో వచ్చే చిక్కు మీకు తెలిసిందే. ఇంగ్లిష్‌లో రాస్తే వెంకటేశ్వర్లు పదమూడు అక్షరాలు, శ్రీనివాస్ ఎనిమిది. ఇరవై నాలుగు అంగుళాల బోర్డులో అంచులు వదిలేస్తే చేతికొచ్చేది ఇరవై రెండు అంగుళాలు. ఎనిమిది అక్షరాలైతే ఒక్కోదానికి, పక్క ఖాళీతో కలిపి, రెండు ముప్పావు అంగుళాల వెడల్పు వస్తుంది, ఐదు అంగుళాల ఎత్తు పెట్టుకోవచ్చు. పదమూడైతే వెడల్పు ఒకటిన్నర కాస్త దాటుతుంది, దూరం నుంచి అక్షరాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కాబట్టి ఇంటిపేరు, సొంత పేరు రెండిటిలో ఏది పొట్టిదైతే, ఏది నోరు తిరుగుతుందో అది పెద్దగా, రెండోది దాని పైన మూడో వంతు ఎత్తులో రాయండి. పొట్టిగా ఉంటుందని ఇప్పటికిప్పుడు కొత్త పేరు మాత్రం పెట్టుకోకండి. బోర్డు మీద చూసిన పేరే బ్యాలెట్ మీద కనిపించాలి. టెక్సస్‌లో ముద్దుపేరు బ్యాలెట్ మీదికి ఎక్కాలంటే అది పది అక్షరాలకు మించని ఒక్క మాటై ఉండాలి, కనీసం మూడేళ్లుగా జనం ఆ పేరుతో పిలుస్తూ ఉండాలి. మీ స్నేహితురాలు దరఖాస్తులో ఏ పేరు ఎలా రాశారో అక్షరం పొల్లుపోకుండా చూసుకుని, అప్పుడు స్టెన్సిల్ కోయండి.

తెలుగులో కూడా రాద్దామా అని మీవాళ్లలో ఎవరో ఒకరు అడుగుతారు. ఇక్కడ బ్యాలెట్ మీద తెలుగు ఉండదు కాబట్టి పేరు ఇంగ్లిష్‌లో ఉండాల్సిందే. మనవాళ్లు ఎక్కువున్న వీధుల్లో పెట్టే ఒకటి రెండు బోర్డులకు అడుగున ఒక తెలుగు పంక్తి రాస్తే ముచ్చటగా ఉంటుంది, తప్పేమీ లేదు. అది మాత్రం స్టెన్సిల్‌తో కాదు, ఆయిల్ ఆధారిత పెయింట్ మార్కర్‌తో చేత్తో రాయండి. వత్తులకు కింద చోటు వదలండి.

స్టెన్సిల్‌ను అట్టతో చేయకండి, నాలుగో బోర్డుకే తడిసి ఉబ్బుతుంది. క్రాఫ్ట్ షాపులో దొరికే మైలార్ అనే పలచటి ప్లాస్టిక్ షీటు తీసుకోండి. అక్షరాలు కంప్యూటరులో అసలు సైజులో ప్రింట్ తీసి, దాని మీద మైలార్ పెట్టి కోయండి. లోపల ఖాళీ ఉన్న అక్షరాలు, అంటే ఓ, ఏ, ఆర్, డీ, పీ, బీ లాంటివి కోసేటప్పుడు మధ్య ముక్క ఊడిపోకుండా రెండు చోట్ల పావు అంగుళం వంతెనలు వదలాలి. పెయింట్ ఆరాక ఆ సందులను మార్కర్‌తో పూడ్చవచ్చు, వదిలేసినా చెడ్డగా ఉండదు. అక్షరపు గీత మందం, ఎత్తులో ఐదో వంతు ఉంటే బాగా చదవబుద్ధవుతుంది. సన్నటి, వంపుల అక్షరాలు పెళ్లి కార్డులకు బాగుంటాయి గానీ రోడ్డు మీద పనికిరావు.

మా బాబాయి పేరును ఎప్పుడూ ఎడమ నుంచి మొదలుపెట్టేవాడు కాదు. ముందు సుద్దతాడు కొట్టి పై గీత, కింది గీత వేసేవాడు, తర్వాత మధ్య గీత. అక్షరాలు లెక్కపెట్టి మధ్య అక్షరాన్ని ఆ గీత మీద నిలిపి, అటూ ఇటూ సర్దుకుంటూ పోయేవాడు. మీరూ అలాగే ప్రతి బోర్డు మీదా మూడు పెన్సిల్ గీతలు ముందే గీయించండి. స్టెన్సిల్ మీద కూడా మధ్య గుర్తు పెట్టుకోండి. గుర్తుకు గుర్తు కలిస్తే ఎవరు వేసినా ఒకేలా వస్తుంది. స్టెన్సిల్ వెనక వైపు, మళ్లీ ఊడి వచ్చే రకం స్ప్రే గమ్ పలచగా కొట్టండి, లేకపోతే అంచుల కిందికి పెయింట్ దూరి అక్షరం మసకబారుతుంది. డబ్బాను నిటారుగా పైనుంచి పట్టుకుని పలచటి పూతలు రెండు మూడు వేయండి. ఒకేసారి తడిసేలా వేస్తే కారుతుంది. నాలుగైదు బోర్డులకు ఒకసారి స్టెన్సిల్ అంచులు తుడవండి.

రంగుల విషయంలో తెలుపు మీద ముదురు నీలం, పసుపు మీద నలుపు, తెలుపు మీద ముదురు ఆకుపచ్చ బాగా కనిపిస్తాయి. నీలం మీద ఎరుపు వద్దు, కళ్లు చెదురుతాయి. స్కూల్ బోర్డు ఎన్నికలో పార్టీలు లేవు కాబట్టి అచ్చంగా ఎరుపో, అచ్చంగా నీలమో ఎంచుకుంటే జనం దానికి పార్టీ అంటగడతారు. నన్నడిగితే ఆకుపచ్చకే ఓటు.

చేత్తో చేసిన బోర్డుకు చట్టంలో మినహాయింపు ఉంటుందని చాలామంది అనుకుంటారు. లేదు. టెక్సస్‌లో మూడు విషయాలు చూసుకోవాలి. మొదటిది, అది రాజకీయ ప్రకటన అనీ, డబ్బు పెట్టింది ఎవరనీ పూర్తి పేరుతో రాయాలి. రెండోది, రోడ్డు మీద నుంచి కనిపించే ప్రతి రాజకీయ బోర్డు మీదా, హైవే రైట్ ఆఫ్ వేలో, అంటే రోడ్డుకు చెందిన ప్రభుత్వ స్థలంలో, ఈ బోర్డు పెట్టడం రాష్ట్ర చట్టాన్ని ఉల్లంఘించడమే అని చెప్పే హెచ్చరిక ఉండాలి. దాని మాటలు చట్టంలోనే ఉన్నాయి, మన సొంత మాటల్లో రాయకూడదు. టెక్సస్ ఎథిక్స్ కమిషన్ వెబ్‌సైట్ నుంచి ఉన్నది ఉన్నట్టు దించుకోండి. ప్రింటింగ్ షాపువాళ్లు దీన్ని వాళ్లంతట వాళ్లే వేస్తారు కాబట్టి మనకు తెలియదు, ఇంట్లో చేసుకునేటప్పుడు మర్చిపోయేది ఇదే. మూడోది ‘ఫర్’ అనే చిన్న మాట. మీ స్నేహితురాలు ఇప్పుడు ఆ పదవిలో లేరు కాబట్టి పేరుకూ పదవికీ మధ్య ‘ఫర్’ ఉండాలి, దాని అక్షరాలు పదవి పేరు అక్షరాల సైజులో కనీసం సగం ఉండాలి. పదవిని రెండు అంగుళాల్లో రాస్తే ‘ఫర్’ ఒక అంగుళానికి తగ్గకూడదు. చోటు చాలక దాన్ని మూలన ఇరికిస్తే, లేని పదవి ఉన్నట్టు చూపించారన్న ఆరోపణ వస్తుంది. మొదటి రెండు వాక్యాలనూ చెరిగిపోని మార్కర్‌తో ప్రతి బోర్డు అడుగునా, రెండువైపులా రాయండి. ఈ పని చక్కటి చేతిరాత ఉన్న ఒకే మనిషికి అప్పగించండి.

హెచ్‌ఓఏ గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. టెక్సస్ ఎలక్షన్ కోడ్ 259.002 ప్రకారం ఎన్నికకు 90 రోజుల ముందు నుంచి, ఎన్నిక అయ్యాక పది రోజుల లోపు వరకూ ఇంటి యజమాని తన స్థలంలో రాజకీయ బోర్డు పెట్టుకుంటే హెచ్‌ఓఏ ఆపకూడదు. అయితే కొన్ని షరతులు పెట్టొచ్చు. ఒక అభ్యర్థికి ఒకే బోర్డు, అదీ నేలలో పాతినదే అనొచ్చు. నాలుగడుగులు ఆరడుగుల కంటే పెద్దది వద్దనొచ్చు. చెట్టుకు గానీ, బండికి గానీ, లైటు స్తంభానికి గానీ కట్టినవి, బెలూన్లు, లైట్లు పెట్టినవి తీసేయమనొచ్చు. చేత్తో చేసినవాటిని అలంకరించాలని పిల్లలకు సరదా పుడుతుంది. రిబ్బన్లు, బెలూన్లు, క్రేప్ మర్టల్ చెట్టుకు వేలాడదీయడం లాంటివేవీ వద్దు, చేతులారా హెచ్‌ఓఏకు కారణం ఇచ్చినట్టవుతుంది. సిటీలు కూడా ఇళ్ల ముందు బోర్డులను ఊరికే నిషేధించలేవు. మిస్సోరీలోని లడ్యూ అనే ఊళ్లో మార్గరెట్ గిల్లియో అనే ఆవిడ గల్ఫ్ యుద్ధానికి వ్యతిరేకంగా ఇంటి ముందు బోర్డు పెడితే ఊరి అధికారులు కుదరదన్నారు. 1994లో సుప్రీంకోర్టు జడ్జీలంతా ఏకగ్రీవంగా ఆవిడ పక్షానే తీర్పిచ్చారు. సొంత ఇంటి ముందు మాట్లాడే హక్కు ఎంత విలువైందో ఆ తీర్పులో చక్కగా ఉంటుంది, వీలుంటే చదవండి.

ఎవరి ఇంటి ముందు పెట్టాలన్నది ముఖ్యం. సిటీ హద్దులూ స్కూల్ డిస్ట్రిక్ట్ హద్దులూ ఇక్కడ ఒకటి కావు. ఫ్రిస్కో అడ్రసున్న ఇళ్లు కొన్ని ప్రాస్పర్, లూయిస్‌విల్ డిస్ట్రిక్టుల్లోకి వస్తాయి. ప్లేనో అడ్రసున్నవి కొన్ని ఫ్రిస్కో డిస్ట్రిక్టులో ఉంటాయి. ముప్పై ఇళ్ల పట్టిక రాసుకుని ఒక్కో అడ్రసు సరిచూసుకోండి. స్కూలుకు పిల్లలను దింపే దారిలో ఉన్న ఇల్లు, కమ్యూనిటీ లోపలికి వచ్చే మలుపులో ఉన్న ఇల్లు మొదట అడగండి. తెలుగు ఇళ్ల దగ్గరే ఆగిపోకండి. మీ పిల్లల సాకర్ టీమ్‌లో ఉన్న ఇతర కుటుంబాలను అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు, అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. వాళ్ల ఇంటి ముందు ఉన్న బోర్డు మన ఇంటి ముందున్న బోర్డు కంటే ఎక్కువ పని చేస్తుంది.

పాతేటప్పుడు బోర్డును రోడ్డుకు ఎదురుగా కాకుండా అడ్డంగా నిలబెట్టండి. అప్పుడు అటునుంచి వచ్చేవాళ్లూ ఇటునుంచి వచ్చేవాళ్లూ చదువుతారు. అందుకే రెండువైపులా రాయమంటున్నాను. సైడ్‌వాక్‌కూ రోడ్డుకూ మధ్య ఉండే గడ్డిపట్టీ సాధారణంగా సిటీ రైట్ ఆఫ్ వే కిందికి వస్తుంది, అక్కడ పెడితే తీసేస్తారు. సైడ్‌వాక్‌కు ఇవతల, పూలమడి అంచున పెట్టండి. గడ్డి మధ్యలో పెడితే లాన్ కోసేవాళ్లు పీకి పక్కన పడేస్తారు, మళ్లీ పెట్టరు.

ఇక్కడి నల్ల బంకమట్టి ఎండితే రాయిలా ఉంటుంది. ముందురోజు సాయంత్రం కాస్త నీళ్లు పట్టి, పొడవైన స్క్రూడ్రైవర్‌తో రెండు చిన్న రంధ్రాలు చేసి, ఫ్రేము అడ్డ తీగ మీద కాలుతో నొక్కండి. బోర్డు పట్టుకుని నొక్కితే గొట్టాలు చిరుగుతాయి. స్ప్రింక్లర్ పైపులు, ఇంటర్నెట్ కేబుళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి ఎక్కడ పడితే అక్కడ పొడవకండి. ప్లైవుడ్ బోర్డుకు ఇనుప స్తంభాలు పాతాలంటే రెండు పని దినాల ముందు 811కు ఫోన్ చేయండి, వాళ్లు ఉచితంగా వచ్చి నేల కింద పైపులు, తీగలు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టి వెళ్తారు. ఏప్రిల్ గాలులకూ వడగళ్లకూ కొన్ని పడిపోవడం ఖాయం. ప్రతి వీధికీ ఒకరిని చూసుకోమనండి, గాలివాన వచ్చిన మర్నాడు పొద్దున్నే ఒక చుట్టు తిరిగొస్తే చాలు.

మే ఎన్నికకు ఎర్లీ ఓటింగ్, అంటే ఎన్నిక రోజుకు ముందే ఓటు వేసే వీలు, 12 రోజుల ముందు మొదలవుతుంది. చాలామంది అప్పుడే వేసేస్తారు. కాబట్టి బోర్డులు మార్చి చివరికల్లా ఇళ్ల ముందు ఉండేలా లెక్క వేసుకోండి. పోలింగ్ కేంద్రం దగ్గర పెట్టాలనుకుంటే తలుపు నుంచి వంద అడుగుల లోపు ఏ ప్రచారమూ కుదరదు. ఆ దూరం అవతల ఎక్కడ పెట్టొచ్చు, రాత్రి ఉంచొచ్చా అన్నది ఆ భవనం వాళ్ల నియమాలను బట్టి ఉంటుంది, ముందే కనుక్కోండి.

ఫలితం ఏదైనా ఆదివారం ఉదయమే అన్నీ తీయించేయండి. పది రోజుల గడువు ఉంది కదా అని వదిలేస్తే బోర్డు ఇచ్చిన ఇంటివాళ్లకు హెచ్‌ఓఏ నుంచి ఉత్తరం వస్తుంది, వచ్చేసారి వాళ్లు ఒప్పుకోరు. ఇనుప ఫ్రేములు ఎన్ని ఎన్నికలకైనా పనికొస్తాయి. బోర్డులు ఐదో నంబరు ప్లాస్టిక్, ఇంటి దగ్గర రీసైక్లింగ్ బండివాళ్లు చాలాచోట్ల తీసుకోరు. కట్టగట్టి గరాజులో పెట్టండి. నవంబరులో ఎవరో ఒకరు అడగడానికి వస్తారు.